అబిలీన్ దాటాక

"ఇద్దరూ ఒకే దాంట్లో ఎక్కుతారా?"

అమ్మ అడిగింది అంతే. వంటింట్లో దోసెల పిండి కలుపుతూ, నా వైపు చూడకుండా అడిగింది. తెనాలి నుంచి డాలస్ వచ్చి అప్పటికి మూడు వారాలు. మేం లేని ఐదు రోజులూ మూడేళ్ళ పాపని చూసుకోవడానికి తనే సై అంది. టికెట్ మేమే కొన్నా, ఈ ప్రయాణం సంగతి మాత్రం వచ్చాకే చెప్పాం. అది నా తప్పే.

విమానం అంటే అమ్మ దృష్టిలో తనని హైదరాబాద్ నుంచి ఇక్కడికి తెచ్చిన మూడొందల సీట్లది. మేం ఎక్కబోయేది సెస్నా 172. నాలుగే సీట్లు, ఒకటే ఇంజిన్. 1978లో తయారైంది, మా ఇద్దరికంటే పెద్దది. మా ఆయన సభ్యుడిగా ఉన్న ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళది. లైసెన్స్ వచ్చిన నాలుగేళ్ళకి, డాలస్ నుంచి శాన్ డియాగో దాకా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే నడుపుకుంటూ వెళ్ళి పసిఫిక్ చూపిస్తానన్నాడు. దాదాపు 1,200 మైళ్ళు. మామూలు ఫ్లయిట్లో మూడు గంటల పని, మాకు రెండు రోజులు.

"కార్లో కూడా కలిసే వెళ్తాం కదా అత్తయ్యగారూ," అన్నాడు తను.

"కారు ఆగిపోతే పక్కకి తీసి ఆపుకుంటారు కదండీ," అంది అమ్మ.

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. తను నాకు చాలాసార్లు చెప్పిన లెక్క ఒకటుంది. అమెరికాలో ఇలాంటి చిన్న విమానాల్లో ప్రాణాలు పోయే ప్రమాదాలు సుమారు లక్ష గంటలకి ఒకటి. వినడానికి బానే ఉంటుంది. కార్లతో పోలిస్తే అది చాలా ఎక్కువన్నది కూడా లెక్కే. ఆ రెండోది అమ్మకి చెప్పలేదు.

వెళ్ళేముందు వీలునామా రాశాం. ముప్ఫైల్లో ఉన్న ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకి వీలునామా ఏంటని నవ్వుకుంటూనే మొదలుపెట్టాం. "తల్లిదండ్రులిద్దరూ లేనప్పుడు" అన్న గడి దగ్గర నవ్వు ఆగిపోయింది. పాపకి గార్డియన్‌గా మా తమ్ముడి పేరు రాసి, వాడికి ఫోన్ చేశా. వాడు కాసేపు మాట్లాడలేదు. "సరే గానీ, జాగ్రత్తగా వెళ్ళిరండి," అన్నాడు.

*

ఇలాంటి విమానాల్లో పైలట్ ఎడమవైపు కూర్చుంటాడు. కుడి సీటు నాది. నా ముందు కూడా ఒక స్టీరింగ్ ఉంటుంది, అక్కడ యోక్ అంటారు. తను తిప్పినప్పుడల్లా నా ఒళ్ళో అది కూడా తిరుగుతుంది, దెయ్యం పట్టినట్టు.

కుడి సీట్లో కూర్చునేవాళ్ళ కోసం ఇక్కడ 'పించ్ హిట్టర్' అని ఒక చిన్న కోర్సు ఉంది. పైలట్‌కి ఏదైనా అయితే పక్కనున్న మనిషి విమానాన్ని ఎలా నిలకడగా పట్టుకోవాలి, రేడియోలో ఎవరిని పిలవాలి, ఎలాగోలా కిందికి ఎలా దించాలి అన్నది నేర్పిస్తారు. ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేనూ కొన్ని గంటలు నేర్చుకున్నా. ట్రాన్స్‌పాండర్ మీద 7700 అని కొడితే ఆపదలో ఉన్నామని అర్థం. ఎవరూ వినకపోతే 121.5లో మాట్లాడాలి. చిటికెన వేలంత గాజు గొట్టంలోకి రెక్కలో నుంచి పెట్రోలు తీసి, అందులో నీళ్ళు కలిశాయేమో చూడటం కూడా నేర్చుకున్నా. ఆ పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుందని అప్పటిదాకా తెలీదు.

ఇవి కాక మేమిద్దరం పెట్టుకున్న రూల్ ఒకటుంది. మా ఉద్యోగాల నుంచి తెచ్చుకున్నది. కోడ్ రివ్యూలో ఒక్కరు వద్దంటే మార్పు లోపలికి పోదు కదా, అలాగే ఇద్దరిలో ఎవరు "తిరిగెళ్దాం" అన్నా తిరిగెళ్ళాల్సిందే. కారణం అడగకూడదు. కింద దిగాక కూడా దెప్పకూడదు. ఇంత మంచి రూల్ పెట్టుకున్నామని స్నేహితులకి కూడా గొప్పగా చెప్పుకున్నాం.

ఆ స్నేహితుల ఇళ్ళల్లో జరిగేది ఇంకోటుంది. తనని ఇంజిన్ గురించి, మైలేజీ గురించి, ఎంతెత్తులో వెళ్తారన్నదాని గురించి అడుగుతారు. నన్ను ఒకటే అడుగుతారు: "నీకు భయం వెయ్యదా?"

*

నా బ్యాగులో లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం ఒకటుంది. ఆన్ మారో లిండ్‌బర్గ్ రాసిన 'నార్త్ టు ది ఓరియంట్'. 1935లో వచ్చింది. ఈ ప్రయాణం ఖాయమయ్యాక, భార్యాభర్తలు చిన్న విమానంలో తిరిగిన కథలు ఇంకేమున్నాయని వెతుకుతుంటే దొరికింది.

అట్లాంటిక్‌ని ఒంటరిగా, ఆగకుండా దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ ఆమె భర్త. 1931 జులైలో ఇద్దరూ నీటి మీద దిగే లాక్‌హీడ్ సిరియస్ విమానంలో బయల్దేరి కెనడా, అలాస్కా, సైబీరియా తీరం, జపాన్ మీదుగా చైనా దాకా వెళ్ళారు. ముందు సీట్లో ఆయన, వెనక సీట్లో ఆమె. ఆమె ఊరికే వెంట వెళ్ళిన మనిషి కాదు. అదే ఏడాది పైలట్ లైసెన్స్ తెచ్చుకుంది, మోర్స్ కోడ్ నేర్చుకుంది, దారంతా రేడియో పని ఆమెదే. అయినా బయల్దేరేముందు విలేకరులు ఆయన్ని విమానం గురించి అడిగి, ఆమెని బట్టల గురించి, లంచ్ బాక్సులు ఎక్కడ పెట్టుకుంటారన్నదాని గురించి అడిగారట. ఆ పేజీ చదివి డాలస్ పార్టీలన్నీ గుర్తొచ్చి నవ్వుకున్నా.

చార్లెస్ లిండ్‌బర్గ్ మీద నాకు భక్తేమీ లేదు. 1938లో గోరింగ్ చేతుల మీదుగా నాజీ జర్మనీ పతకం తీసుకున్న మనిషి, 1941లో యూదుల మీద నింద వేస్తూ ప్రసంగం చేసిన మనిషి. జర్మనీలో ఆయనకి రహస్యంగా వేరే పిల్లలున్నారని ఆయన పోయిన చాలా ఏళ్ళకి, 2003లో బయటపడింది. ఇవన్నీ తెలిసి ఆ పుస్తకం చదవడం కష్టమే. నేను చదివింది వెనక సీట్లో ఉన్నావిడ కోసం.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ ప్రయాణానికి వెళ్తూ ఏడాది నిండిన కొడుకుని అమ్మమ్మా తాతయ్యల దగ్గర వదిలి వెళ్ళింది. ఆమెకప్పుడు పాతికేళ్ళు. సైబీరియా మంచూ చైనా వరదలూ దాటి ఇద్దరూ క్షేమంగా తిరిగొచ్చారు. తర్వాతి మార్చిలో, 1932లో, ఇద్దరూ ఇంట్లో ఉండగానే పై గదిలో నిద్రపోతున్న ఆ పిల్లాడిని ఎవరో ఎత్తుకుపోయారు. మే నెలలో శవం దొరికింది. పుస్తకం వచ్చింది అది జరిగిన మూడేళ్ళకి. అందుకే చదువుతున్నంతసేపూ ప్రతి పేజీలోనూ నేను ఆ పిల్లాడినే వెతుక్కున్నా.

దీన్ని అమ్మ ప్రశ్నకి జవాబుగా వాడుకోవాలని ఒక క్షణం అనిపించింది. చూడు, ఆపద ఆకాశంలో రాలేదు, ఇంట్లోకే వచ్చింది అని. చాలా చవకబారు వాదన అది. ఇంట్లో జరగొచ్చు కాబట్టి ఆకాశంలో జరగదని కాదుగా. అమ్మతో ఏమీ అనలేదు.

*

ఏప్రిల్లో ఒక గురువారం ఉదయం బయల్దేరాం. పాపకి ముద్దు పెట్టి, అమ్మ చేతిలో వీలునామా ఉన్న కవరు పెట్టాను. ఇన్సూరెన్స్ కాగితాలని చెప్పా. తను తీసి చూడలేదు. దేవుడి పటం వెనక పెట్టింది.

మొదటి ఆగుడు అబిలీన్, పెట్రోలు కోసం. మాలాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఏదో ఒక ట్రైనింగ్‌లో ఈ ఊరి పేరు వినే ఉంటారు. జెర్రీ హార్వీ అనే ఆయన 1974లో 'అబిలీన్ పారడాక్స్' అని ఒక వ్యాసం రాశాడు. కోల్‌మన్ అనే ఊళ్ళో ఒక కుటుంబం ఎండాకాలం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని డామినోలు ఆడుకుంటుంటుంది. అబిలీన్ వెళ్ళి భోంచేద్దామా అంటాడు మామగారు. కూతురు బావుంటుందంటుంది. అల్లుడు సరేనంటాడు. అత్తగారు నాకూ వెళ్ళాలనే ఉందంటుంది. ఏసీ లేని కార్లో, దుమ్ములో, 53 మైళ్ళు వెళ్ళి, చెత్త భోజనం చేసి తిరిగొస్తారు. వచ్చాక తెలుస్తుంది, ఆ నలుగురిలో ఒక్కరికి కూడా వెళ్ళాలని లేదని. ఆ మాటెత్తిన మామగారికి కూడా.

పెట్రోలు పంపులో కార్డు గీకుతూ ఈ కథ గుర్తు చేశాడు తను. "మనం కూడా ఎవరికీ ఇష్టం లేకుండానే వచ్చామంటావా?" అన్నా. ఇద్దరం పగలబడి నవ్వాం. ఫోటో కూడా తీసుకున్నాం, వెనకాల ఊరి పేరు కనపడేలా.

తర్వాత మిడ్‌లాండ్. అక్కడ భోజనానికి ఆగాం. ఇలాంటి చిన్న విమానాల వాళ్ళకి ఊళ్ళోకి వెళ్ళొచ్చేందుకు కారు ఊరికే ఇస్తారు, పెట్రోలు కొంటే చాలు. కానీ అప్పటికే దాన్ని ఇంకెవరో తీసుకెళ్ళారు. వాళ్ళొచ్చేదాకా కూర్చుని, వెళ్ళి తినొచ్చేసరికి అనుకున్నదానికంటే గంటంబావు ఆలస్యమైంది. పశ్చిమ టెక్సాస్‌లో వసంతకాలం మధ్యాహ్నాలు గాలి పెద్దదవుతుంది. నాలుగు తర్వాత గాలీ దుమ్మూ ఉంటాయని వాతావరణ సూచనలో ఉంది. మేం మూడుకల్లా కొండలు దాటేయాలన్నది ప్లాను. ఇప్పుడు దాటేది నాలుగుంబావుకి.

"పర్లేదు కదా?" అన్నాడు.

"నీ ఇష్టం," అన్నా.

ఈ రెండు మాటలూ నాకు ఇప్పటికీ గుర్తే. తను అడిగింది ప్రశ్న. నేనిచ్చింది జవాబు కాదు.

*

మిడ్‌లాండ్ నుంచి పేకోస్ దాకా కింద హైవే, చుట్టూ ఆయిల్ బావులు, పైకీ కిందకీ తల ఊపుతున్న పంపులు. ఎదురుగాలి. జీపీఎస్‌లో మా వేగం 68 నాట్లు చూపిస్తోంది. అంటే గంటకి 78 మైళ్ళు. కింద హైవే మీద ట్రక్కులు మాతో సమానంగా వస్తున్నాయి. ఒకటి మమ్మల్ని దాటిపోయింది కూడా. దానికీ నవ్వుకున్నాం.

పేకోస్ దాటాక హైవేని వదిలి వాయవ్యంగా తిరిగాం. ముందు గ్వాడలూప్ కొండలు. టెక్సాస్ మొత్తంలో ఎత్తైన శిఖరం అక్కడే ఉంది, 8,751 అడుగులు. దాని పక్కనే ఎల్ కాపిటాన్ అని తెల్లటి కొండకొమ్ము, పైలట్లకి చాలా దూరం నుంచి దారి చూపించే గుర్తు. కుడి సీట్లో నా పని ఆ కొమ్ముని చూస్తూ ఉండటం. మా ఆయనకి మేఘాల్లో, కళ్ళు కనపడని చోట మీటర్లు చూసి నడిపే రేటింగ్ లేదు. బయట కనపడుతున్నంతసేపే ఎగరాలి. రూలు ప్రకారం కనీసం 3 మైళ్ళు కనపడాలి.

కొమ్ము మొదట స్పష్టంగా కనపడింది. తర్వాత అంచులు మెత్తబడ్డాయి. తర్వాత కొండకీ ఆకాశానికీ రంగు ఒకటే అయింది, పాత ఉత్తరం కాగితం రంగు. విమానం కుదుపులు ఎక్కువయ్యాయి. సీటు బెల్టు ఎముకలకి ఒత్తుకుంటోంది. హెడ్‌సెట్లో తన ఊపిరి వినిపిస్తుంది నాకు, నాది తనకి. ఇద్దరం మాట్లాడట్లేదు.

డాష్‌బోర్డు గడియారం చూశా. 3:41.

చెప్పాలి అనుకున్నా. చెప్పలేదు. నాలుగేళ్ళుగా తను కలలు కన్న ప్రయాణం. పైలట్ తను, నాకేం తెలుసు? ఒకవేళ ఇది మామూలే అయితే? భయపడ్డానని తెలిస్తే ఇంకెప్పుడూ తీసుకురాడేమో. ఇవన్నీ తిరిగాయి బుర్రలో. వీటి వెనక ఇంకోటి కూడా. చిన్నప్పుడు నాన్న బజాజ్ చేతక్ మీద గుంటూరు రోడ్డులో ఎంత స్పీడుగా వెళ్ళినా అమ్మ ఒక్కసారి కూడా నెమ్మదిగా వెళ్ళమని అనేది కాదు. వెనకాల ఒక పక్కకి కూర్చుని ఆయన భుజం గట్టిగా పట్టుకునేది. ముందు నిలబడ్డ నాకు ఆ వేళ్ళు కనపడేవి, తెల్లగా పాలిపోయి. నాన్న ఆ వేళ్ళని ఎలా అర్థం చేసుకున్నాడో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి నాన్న లేడు.

కిందికి చూసుకుంటే నా చెయ్యి సీటు అంచుని పట్టుకుని ఉంది. వేళ్ళు అలాగే ఉన్నాయి.

3:52. కొమ్ము లేదు. దాని వెనక ఉండాల్సిన కొండ కూడా లేదు.

"తిరిగెళ్దాం."

తను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఓకే," అంటూనే విమానాన్ని ఎడమకి వంచాడు. మొత్తం వెనక్కి తిరిగేసరికి గాలి మా వీపుని తోసింది. అంకె 68 నుంచి గబగబా పెరిగి 140 దాటింది. వచ్చేటప్పుడు అరగంట పైనే పట్టిన దారి పావుగంటలో అయిపోయింది. పేకోస్‌లో మొదటిసారి రన్‌వే మీదకి దిగుతుండగా గాలి పక్కకి నెట్టింది. మళ్ళీ పైకి లేపి, చుట్టూ తిరిగొచ్చి, రెండోసారి దించాడు. ఇంజిన్ ఆపాక కూడా గాలికి విమానం ఊగుతూనే ఉంది. ఇద్దరం దిగి తాళ్ళతో కట్టేశాం. ముడి వెయ్యబోతే నా వేళ్ళు కుదరలేదు.

*

మోటల్లో చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆయిల్ పనివాళ్ళ బూట్ల చప్పుడు వరండాలో. రూలు ప్రకారం కారణం అడగకూడదు కాబట్టి అడగడు. దెప్పకూడదు కాబట్టి దెప్పడు. కానీ బాధ పడుతున్నాడేమోనని నా అనుమానం.

"సారీ," అన్నా.

"దేనికి?"

"తిప్పించానుగా."

తను మంచం మీద లేచి కూర్చున్నాడు. "నాకు మిడ్‌లాండ్‌లోనే బయల్దేరబుద్ధి కాలేదు. పేకోస్ దాటాక తిరిగిపోదామనే అనుకుంటున్నా. నువ్వు ఏమీ అనట్లేదు కదా, నీకు బానే ఉందేమో, నేనే అనవసరంగా భయపడుతున్నానేమో అనుకున్నా."

"నేను నువ్వేమీ అనట్లేదని ఊరుకున్నా."

"పర్లేదు కదా అని అడిగాను."

"నీ ఇష్టం అన్నాను."

అబిలీన్‌లో తీసుకున్న ఫోటో ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు.

3:41 నుంచి 3:52 దాకా పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ ఇద్దరికీ ముందుకు వెళ్ళాలని లేదు. ఇద్దరం ముందుకే వెళ్తున్నాం. నా మౌనాన్ని తను ధైర్యం అనుకున్నాడు. తన మౌనాన్ని నేను నైపుణ్యం అనుకున్నా. మా రూల్‌లో లోపం అప్పుడు తెలిసింది. వద్దనే హక్కు ఇద్దరికీ ఇచ్చుకున్నాం. ఏమీ అనకపోతే దానర్థం ఏంటో రాసుకోలేదు. ఏ కోడ్ రివ్యూలోనూ ఎవరూ చూడకపోతే అప్రూవ్ అయినట్టు కాదు. మేం మాత్రం అలాగే లెక్కేసుకున్నాం.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఇక్కడి ప్రమాదాల మీద ఎన్‌టీఎస్‌బీ వాళ్ళిచ్చే రిపోర్టులు ఫోన్లో చదివా. ఆఫీసులో సర్వర్ పడిపోయాక మేం రాసుకునే పోస్ట్‌మార్టంలలాగే ఉంటాయి, పొడిగా, నిమిషాల లెక్కతో. కళ్ళతో చూసి మాత్రమే ఎగరాల్సిన పైలట్ ఏమీ కనపడని వాతావరణంలోకి అలాగే ముందుకు వెళ్ళడం. ఇదే కారణం మళ్ళీ మళ్ళీ వస్తుంది. పైలట్ వయసు, ఎన్ని గంటలు ఎగిరాడు, ఏ రేటింగులున్నాయి, అన్నీ రాస్తారు. పక్క సీట్లో ఉన్న మనిషికి సాధారణంగా ఒకటే మాట, ప్రయాణికురాలు. ఆవిడ ఏమైనా చూసిందా, చూసి ఏమైనా అందా, అందామనుకుని ఊరుకుందా? అది రాయడానికి ఎవరూ మిగలరు.

ఆన్ లిండ్‌బర్గ్ పుస్తకం నాకు అప్పుడు వేరేలా కనపడింది. జపాన్‌కి ఉత్తరాన చిషిమా దీవుల మీద వాళ్ళు పొగమంచులో చిక్కుకున్న అధ్యాయం ఉంది. మంచులో ఎక్కడో ఒక సందు కనపడితే, కొండ పక్క నుంచి దానిలోకి విమానాన్ని దించబోతాడు ఆయన. వెనక సీట్లో ఆమె. మొదటిసారి చదివినప్పుడు సాహస కథలా చదివా. ఆ మోటల్లో చదివితే, అది రిపోర్టుల్లో లేని మనిషి రాసిన రిపోర్టు. పక్కన కూర్చున్నవాళ్ళు ఏం చూస్తారో, ఏం మింగేస్తారో తెలియాలంటే మనకి ఇలాంటివే దిక్కు.

వాళ్ళ ప్రయాణం కూడా అనుకున్నట్టు ముగియలేదు. చైనాలో యాంగ్సీ వరదల మధ్య హాంకౌ దగ్గర, ఓడ మీద నుంచి నదిలోకి దించుతుండగా విమానం ఒరిగిపోయింది. ఇద్దరూ నీళ్ళలోకి దూకారు. ఆ వెంటనే ఆమె తండ్రి చనిపోయాడన్న వార్త. ఓడెక్కి ఇంటికి బయల్దేరారు.

*

రెండు రోజులు పేకోస్‌లోనే ఉన్నాం. గాలి తగ్గలేదు. మూడో రోజు తెల్లవారుజామున, పడమర వైపు ఇంకా దుమ్ముగానే ఉంటే, ఇంటి దారి పట్టాం. ఈసారి బయల్దేరేముందు, అబిలీన్‌లో, మధ్యలో పావుగంటకోసారి, ఒకరినొకరం అడుగుతూనే ఉన్నాం. ఊరికే "పర్లేదు కదా" అని కాదు. "పదికి ఎంత?" అని. అంకె చెప్పాలి. అబిలీన్‌లో నేను ఎనిమిది అన్నా, తను ఏడు అన్నాడు. తనది నాకంటే తక్కువ ఉండొచ్చని నాకెప్పుడూ తోచలేదు.

పసిఫిక్ చూడలేదు. దేశం దాటలేదు, రాష్ట్రం కూడా దాటలేదు. అయితే మా ఆయన లాగ్‌బుక్‌లో ఈ ప్రయాణం 'క్రాస్ కంట్రీ' కిందే పడింది. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ కోసం ఎఫ్ఏఏ వేసే లెక్కలో, బయల్దేరిన చోటికి 50 నాటికల్ మైళ్ళకంటే దూరంలో ఎక్కడైనా దిగితే చాలట. దేశం దాటడం అంత సులువని తెలీదు.

ఇంటికొచ్చాక పాప నిద్రపోయే దాకా ఆగి, అమ్మకి అంతా చెప్పా. దుమ్ము సంగతి, పదకొండు నిమిషాల సంగతి. కవర్లో ఉన్నది ఇన్సూరెన్స్ కాదన్న సంగతి కూడా.

"తెలుసులే," అంది. "దేవుడి దగ్గర పెట్టేటప్పుడు చూశాను."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా."

కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. తర్వాత నేనే అడిగా, నాన్న స్కూటర్ గురించి. అంత భయం వేస్తే ఒక్కసారైనా నెమ్మదిగా వెళ్ళమని ఎందుకు అనలేదని.

అమ్మ చాలాసేపు ఆలోచించింది.

"చెప్తున్నాననే అనుకున్నానే," అంది. "భుజం అంత గట్టిగా పట్టుకుంటే తెలియదా మనిషికి?"